పై ఫిల్లింగ్

నందిగామ బస్టాండు పక్క సందులో బేకరీ, దాని వెనకే ఇల్లు. ఆ ఉదయం లాల్‌బీ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంకేం పని లేక మళ్ళీ అదే గ్లాసు కడిగింది.

భర్త ఇమాం బతికున్న రోజుల నుంచీ బన్నుల్లోకీ కేకుల్లోకీ అనాసపండు పాకం కాచింది తనే. ఇరవై రెండేళ్ళు. మూడు నెలల కిందట కొడుకు ఆరిఫ్ బెజవాడ నుంచి డబ్బాలు తెచ్చాడు. మూత కోస్తే చాలు, ముక్కలూ పాకమూ సిద్ధం. ఆనాటి నుంచి ఆమెను పొయ్యి దగ్గరికి పిలిచినవాళ్ళు లేరు. వేళకి అన్నం పెడుతున్నారు, మందులు తెస్తున్నారు, "కూర్చో అమ్మా" అంటున్నారు. కూర్చుని కూర్చుని ఎదురుగోడకి సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగే స్థితికొచ్చింది.

పదింటికి ఫోను మోగింది. కేకులివ్వడానికి చిల్లకల్లు వెళ్ళిన ఆరిఫ్.

"అమ్మా, జాకియా ఉందా?"

"పిల్లని బళ్ళో దింపి, అట్నుంచటే బజారుకెళ్ళొస్తానందిరా."

"రాగానే చెప్పు. గిన్నెల్లో పిండి ఒత్తి ఉంది, పక్కన పిండి మూతలున్నాయి. డబ్బాల్లోది పై ఫిల్లింగ్. అది పెట్టి ఓవెన్లోకి తోసెయ్యమను. సాయంత్రానికి జగ్గయ్యపేట ఫ్యాక్టరీ కాలనీకి నలభై ఇవ్వాలి."

"చెప్తాలే" అంది. కోడలొచ్చేదాకా ఆగలేదు. కొంగు బిగించి, చేతులు కడుక్కుని, గిన్నెలన్నిటికీ పిండి మూతలు వేసి, అంచులు కజ్జికాయలకి మల్లే మెలితిప్పింది. డబ్బాలన్నీ కోసి, ముక్కల్ని ఆ మూతల మీద ముద్దుగా పరిచి, ట్రేలు ఓవెన్లోకి తోసింది. మూడు నెలల తర్వాత ఆ చేతులకి పిండి అంటింది.

జాకియా వచ్చేసరికి సందంతా మాడువాసన. పాకం కారి, ట్రేలకంటుకుని నల్లబడింది. నలభైకి నలభై. మధ్యాహ్నానికి ఆరిఫ్ వచ్చి చూసి నిలబడిపోయాడు.

"ఇదేంటమ్మా?"

"నువ్వు చెప్పినట్టే చేసా. పై ఫిల్లింగని పైనే పెట్టా."

జాకియాకి నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి మింగేసింది.

"పై అనేది ఇంగ్లీషులో ఆ తినే వస్తువు పేరమ్మా. ఇది లోపల పెట్టాలి."

"లోపల పెట్టేదానికి పై అని పేరెట్టిందెవర్రా? తెలుగు రాదా వాడికి?"

"నిన్నెవరు చెయ్యమన్నారసలు?"

లాల్‌బీ మాడిన ట్రే వంక చూస్తూ అంది, "ఎవరూ అనలేదు. మూడు నెలల్నించీ ఎవరూ ఏమీ చెయ్యమనలేదు."

ఆరిఫ్ గొంతు దిగింది. "మొన్న రంజానుకి పాకం చింది చెయ్యి కాల్చుకున్నావు. బొబ్బలు కనపడకుండా కొంగు చుట్టుకు తిరిగావు. అది చూళ్ళేకే డబ్బాలు తెచ్చా."

"ఆ ముక్క నాతో అన్నావా? ముసల్దాని చేతిరుచి జనానికి మొహం మొత్తిందేమోననుకున్నా. అడగటానికి సిగ్గేసింది."

ఆరిఫ్ చెప్పులేసుకుని బయటికెళ్ళి, బస్టాండు ముందు బండి మీద అనాసపళ్ళన్నీ గోనెలో వేయించుకొచ్చాడు. జాకియా మళ్ళీ పిండి కలిపింది. తల్లిని పొయ్యికి దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి గరిటె తనే పట్టాడు. చక్కెర కరిగింది, ముక్కలు మగ్గాయి, పాకం ఉడుకుతోంది. దించాలో ఉంచాలో అతనికి తెలియలేదు. చిన్నప్పట్నుంచీ తిన్న పాకం, ఇన్నేళ్ళు అమ్మిన పాకం. ఎట్లా చేస్తావని ఒక్కసారీ అడగలేదు.

"ఎప్పుడు దించాలమ్మా?"

లాల్‌బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కుర్చీ ముందుకు లాక్కుంది.

"చప్పుడు విను. గబగబా ఉడికేది బరువెక్కి, ఆగి ఆగి ఉడుకుతుంది, అప్పుడు దించాలి. ఇంకా కాలేదు, తిప్పుతూ ఉండు. నే చెప్తాగా."