సోలార్ మేడకు దిష్టిబొమ్మ

గ్లోరియా అట్టమేడ లోపల ఒక్క ఫ్యాను తిరుగుతోంది. బయట మాత్రం క్లాసంతా ఫ్యాన్సే!

నేరేడ్‌మెట్‌లోని ఆ స్కూలు గ్రౌండులో ఆరో తరగతి పిల్లలు ఎండతో నడిచే ఇళ్ల మోడళ్లు పెట్టారు. గ్లోరియా మేడ పక్కనే, అదే బెంచీ మీద, యోగిత కట్టిన పన్నెండంతస్తుల మేడ ఉంది. అందరిలాగే యోగిత ప్యానెళ్లను డాబా మీద పరిచింది. గ్లోరియా గోడలకే తొడిగింది. చిన్న చిన్న నీలం పలకలను పోచంపల్లి చీర అంచులా పేర్చింది. గోడా అదే, సోకూ అదే, కరెంటూ అదే.

అందరి దృష్టీ దాని మీదే. యోగితది మాత్రం దిష్టి. ఆ సోలార్ చూసి ఆమె ముఖం సోలిపోయింది. ఆ కడుపుమంటకు వైరు కలిపితే కాప్రా దాకా లైట్లు వెలిగేవి.

సైన్సు సారు ఏసురత్నం గారు ఒక్క మోడల్‌నే సిటీ ఎగ్జిబిషన్‌కు పంపుతానన్నారు. అటు చివరి నుంచి చూసుకుంటూ వస్తున్నారు.

కొత్త మేడ కదా అని యోగిత మోడల్‌కు వాళ్ల నానమ్మ ఇంటి దగ్గరే నల్లటి దిష్టిబొమ్మ స్టిక్కరు అంటించి పంపింది. గ్లోరియా నీళ్లు తాగడానికి వెళ్లగానే, యోగిత దాన్ని పీకి ఆ నీలం గోడ నడుమ అతికించింది. అందం చెడితే చాలనుకుంది.

ఫ్యాను ఆగిపోయింది.

ఆ పలకలు చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లాంటివి. ఒక్కరు వదిలేస్తే వరుసే తెగుతుంది; ఒక్క పలకకు ఎండ తగలకపోతే కరెంటే ఆగుతుంది.

తిరిగొచ్చిన గ్లోరియా ముందు స్టిక్కరే చూసింది. యోగిత చెయ్యి పట్టుకుంది.

“మా ఇంట్ల ఇవి పెట్టరే. నాకోసం నీది తీసి పెట్టినవా?”

అప్పుడు ఫ్యాను చూసింది. కంగారుగా వైర్లు కదిలించసాగింది. సారు రెండు బెంచీల అవతల ఉన్నారు. యోగిత నోరు మూసుకుంటే చాలు.

“వైరు కాదే. నా స్టిక్కరే. నీది బావుందని కుళ్లుకుని అంటించా.”

గ్లోరియా వైర్లు వదిలేసింది. కాస్త పక్కకు జరిగింది.

యోగిత గోటితో గీకి స్టిక్కరు తీసింది. ఫ్యాను కదిలింది గానీ నీరసంగా తిరిగింది. ఎండ వాలింది. పన్నెండంతస్తుల నీడ నీలం గోడ మీద పడుతోంది.

యోగిత తన మేడను రెండు చేతులా ఎత్తింది. డాబా మీది ప్యానెల్ ఒకటి జారి పడినా ఆగకుండా, మేడను బెంచీ వెనక నేల మీద పెట్టింది. ఫ్యాను గిర్రున తిరిగింది.

“నీదేదమ్మా?” అని అప్పుడే వచ్చిన సారు యోగితను అడిగారు.

“కింద ఉంది సార్. ముందు ఇది చూడండి.”