పలచటి గుడ్డసంచి

“ఆ గడప దాటి లోపలికి రావద్దు పంకజా! ఆడే నిలబడు!”

అత్తగారు చంద్రకాంతమ్మ అరిచిన అరుపుకు పంకజాక్షి కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. దొడ్డి గోడ పక్కన తాను ఉమ్మిన కళ్లె ఇంకా తడిగానే ఉంది... అందులో ఎర్రటి చార! అత్తగారి చూపు ఆ చార మీదే ఉంది. పంకజాక్షి కూడా అప్పుడే చూసింది. నెత్తురా? తన గొంతులోంచి నెత్తురా? మూడు నెలలుగా వదలని దగ్గు ఇందుకేనా? దేవుడా!

“క్షయ! మా చిన్నాయన ఇట్లే దగ్గి దగ్గి పోయినాడు. నాకు తెల్దా ఇది?” అంటూ చంద్రకాంతమ్మ, తల్లి దగ్గరికి పరుగెత్తబోయిన నాలుగేళ్ల మనవరాలు నిర్మలను రెక్క పట్టి వెనక్కి లాగింది. “అమ్మను ముట్టుకోవద్దు! ముట్టుకుంటే సచ్చిపోతావు!”

ఆ మాట పంకజాక్షి గుండెలో దిగబడిపోయింది! భర్త దేవరాజులు వైపు చూసింది. ఆయన ఎర్రచందనం బొమ్మలు చెక్కే పనివాడు. తిరుపతిలో ఆ ఇంటి ముందు గదే ఆయన పనిసాల. చేతిలో ఉలి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట... “అమ్మా, ఆగు” అన్న ఒక్క మాట అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆయన తల దించుకున్నాడు.

మధ్యాహ్నానికే కబురందుకుని అన్న వరదయ్య వచ్చి ఆమెను బస్సులో పుట్టిల్లు ఐరాలకు తీసుకుపోయాడు. బిడ్డను ఎత్తుకోనివ్వలేదు. దూరం నుంచి చూసుకోమన్నారు!

పుట్టింట్లో పంకజాక్షి పెరటి కొట్టంలో పడుకుంది. ఆసుపత్రికి పోదాం రమ్మని వరదయ్య ఎంత బతిమాలినా వినలేదు. “డాక్టరు నోటితో ఆ పేరు వింటే ఆ క్షణమే చచ్చిపోతానన్నా! నన్నిట్లే వదిలెయ్” అని ఏడ్చింది. కానీ ఆశ్చర్యం! నాలుగో రోజుకు దగ్గు సగమైంది. వారానికి కళ్లెలో ఎరుపు లేదు. తల్లి పెట్టిన మిరియాల కషాయం మహిమే అనుకుంది. అయినా నమ్మకం కుదరలేదు. ఆ మాయదారి జబ్బు దాక్కుని మళ్లీ వస్తుందని ఎవరో చెప్పగా విన్నది మరి...

పన్నెండో రోజు పొద్దున దేవరాజులు వచ్చాడు. మనిషి సగమైపోయి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. జేబులోంచి చేతిగుడ్డ తీసి ఆమె ముందు పరిచాడు. దాని నిండా ఎర్రటి మరకలు!

“నాకూ వచ్చేసినాది పంకజా! నీ జబ్బే నాకూ వచ్చేసినాది! ఆ పొద్దు నోరు మూసుకుని నిలబడినందుకు దేవుడు నాకు తగిన శాస్తే చేసినాడు. ఇంక నేనూ నీతోనే ఈ కొట్టంలో ఉంటా...”

పంకజాక్షి ఆ మరకలను చూసింది. ఇద్దరికీనా? అయితే బిడ్డ? నిర్మలకు ఎవరు దిక్కు? తన కోసం కదలని కాళ్లు ఆ ఆలోచనతో కదిలాయి. “అన్నా, బండి కట్టించు! చిత్తూరికి పోదాం. ఇప్పుడే!” అంది.

చిత్తూరులో వాళ్లను చూసిన డాక్టరమ్మ నడివయసు మనిషి. చేతిగుడ్డను కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. “ఈ మరకలు ఎప్పటివి?” అని అడిగింది.

“మొన్నటివమ్మా.”

“నెత్తురైతే ఈపాటికి ఎండి గోధుమరంగుకు తిరగాల. ఇది ఇంకా ఎర్రగానే ఉండాదే!” అంటూ ఒక మరక మీద స్పిరిట్టు చుక్క వేసింది. క్షణంలో రంగు కరిగి గుడ్డంతా పాకింది. డాక్టరమ్మ తలెత్తి చూసింది. “మీరు చేసే పనేంది?”

“ఎర్రచందనం బొమ్మలు చెక్కతానమ్మా.”

“ఇది నెత్తురు కాదప్పా! నెత్తురు స్పిరిట్టులో ఇట్ల కరగదు. కొయ్యరంగు! మీరు పీల్చిన చెక్కపొడి కళ్లెతో కలిసి బయటికి వస్తా ఉండాది!”

చెక్కపొడి... చెక్కపొడా! దీని కోసమా తనను ఇంట్లోంచి వెళ్లగొట్టింది? దీని కోసమా కన్నబిడ్డను కళ్ల ముందు లాగేసుకున్నది? పంకజాక్షి బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ ఇద్దరికీ ఎక్స్‌రే ఫోటో తీయించింది, మూడు రోజులు వరుసగా కళ్లె పరీక్ష చేయించింది. క్షయ లేనే లేదు! “కానీ ఊపిరిగొట్టాలు బాగా వాచినాయి. ఆ దుమ్ము ఆపకపోతే ఉబ్బసం ఖాయం” అని గట్టిగా చెప్పింది.

“మా ఇంట్లో దుమ్ము లాగే మిషను ఉండాది కదమ్మా!” అన్నాడు దేవరాజులు అయోమయంగా.

పంకజాక్షి ఏడుపు ఆగింది. మిషను! ఆరునెలల కిందట మద్రాసులో ఒక హోటలువాళ్లు అమ్ముతుంటే కొన్న పాత మిషను అది. పొడి దుమ్మునూ లాగుతుంది, వానకు పనిసాలలోకి వచ్చిన నీళ్లనూ లాగుతుంది. రోజూ సాయంత్రం దాన్ని నడిపి, లోపలి సంచి విప్పి దులిపే పని పంకజాక్షిదే. తాను లేని ఈ పన్నెండు రోజులూ ఆ పని చేసిందెవరు?

“మీరేనా దులిపింది?” అని మెల్లిగా అడిగింది.

“నేనే...” అన్నాడు. అన్నాక ఆయనకూ తట్టింది... సంచి దులిపిన వాళ్లకే ఎర్ర కళ్లె పడింది!

తిరుపతి ఇంటికి చేరగానే పంకజాక్షి మిషనును వాకిట్లో ఎండలోకి ఈడ్చి, గొట్టాన్ని చెక్కపొడి కుప్పలో పెట్టి స్విచ్చి వేసింది. గొట్టం పొడిని లాగింది. వెనక గాలి వచ్చే రంధ్రంలోంచి ఎండలో ఎర్రటి పొగ లేచింది! సన్నటి పొడి... గాలిలో తేలుతూ నేరుగా వంటింటి గుమ్మంలోకి!

మిషను ఆపి, లోపలి సంచి విప్పి అత్తగారి ముందు పట్టింది. “చూడండత్తా! ముందుండిన దళసరి సంచి మూడు నెలల కిందట చినిగితే, పాత పలచటి మల్లుపంచెతో మీరు కొత్తది కుట్టినారే... ఇదే అది. ఎండకు అడ్డం పెడితే ఇవతల నుంచి నా ముఖం కనబడతాది. పెద్ద పొడి లోపల నిలస్తాది, సన్నపొడంతా మళ్లీ మన ముక్కుల్లోకే వస్తాది. దళసరి గుడ్డ కావాలని ఆ పొద్దే చెప్పినా. దళసరిదైతే మిషను లాగదంటిరి.”

చంద్రకాంతమ్మ సంచిని పట్టుకుని తన కుట్టును తానే తడిమి చూసుకుంది. “నేను కుట్టిందేనా? నా చేత్తో కుట్టిందేనా నిన్నూ, నా కొడుకునూ... అయ్యో, నా తల్లీ! నన్ను కొట్టు! కొట్టు పంకజా!”

“కొట్టడానికి రాలేదత్తా. సంచి సంగతి తెలియక చేసినారు, దాన్ని మరిచిపోతా. కానీ నా బిడ్డకు నన్ను ముట్టుకుంటే సచ్చిపోతావని చెప్పినారే... దాన్నెట్ల మరిచిపోయేది?”

చంద్రకాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు చేరగిలబడింది.

దేవరాజులు ఆ పూటే బజారుకు పోయి దళసరి డ్రిల్లుగుడ్డ తెచ్చాడు. చంద్రకాంతమ్మ కళ్లు తుడుచుకుంటూనే రెండు సంచులు జంటకుట్టుతో కుట్టింది. ఇకమీద సంచి విప్పే పని తనదేనని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని ఊరిబయట దులుపుతానని దేవరాజులు ఒట్టు వేశాడు. పంకజాక్షి ఒక్కొక్కటీ విడమరచి చెప్పింది. ఒకటి ఉతికితే రెండోది వాడాలి. ఉతికింది నీడన రెండు రోజులు పూర్తిగా ఆరాలి, చెమ్మ ఉండగా తగిలిస్తే పొడి బురదై అతుక్కుంటుంది. వాననీళ్లు లాగేటప్పుడు గుడ్డసంచి తీసి, ఆ చోట స్పాంజి తొడుగు పెట్టాలి, ఆ స్పాంజితో పొడి ఎప్పుడూ లాగకూడదు. ఎన్నడూ భార్య మాట పూర్తిగా వినని ఆ మనిషి ఆ పొద్దు తలూపుతూ ప్రతి మాటా విన్నాడు.

అప్పుడు కనబడింది నిర్మల. తలుపు చాటున నిలబడి తొంగి చూస్తోంది. పంకజాక్షి ప్రాణం లేచి వచ్చింది! “అమ్మలూ! రా తల్లీ!” అని చేతులు చాచింది.

బిడ్డ రెండడుగులు వెనక్కి వేసింది!

పంకజాక్షి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. క్షయ అన్నప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు.

చంద్రకాంతమ్మ గోడ వదిలి వచ్చి మనవరాలి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ తప్పు ఒప్పుకోని మనిషి! “అవ్వ అబద్ధం చెప్పినాది తల్లీ. అమ్మకు ఏ జబ్బూ లేదు. అవ్వదే తప్పు. పో... అమ్మ దగ్గరికి పో.”

“ముట్టుకుంటే నేను సచ్చిపోనా అవ్వా?”

“సచ్చిపోవు బంగారూ...” అంటూ ఆవిడ మనవరాలి తల నిమిరింది.

పంకజాక్షి మళ్లీ పిలవలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చుంది, కన్నీళ్లు కారుతున్నా కదలకుండా. నిర్మల మెల్లిగా వచ్చింది. చిటికెన వేలితో తల్లి మోకాలిని తాకి చటుక్కున తీసేసింది. తన వేలును చూసుకుంది. అవ్వను చూసింది. ఏమీ కాలేదు. ఈసారి అరచెయ్యంతా ఆనించింది... అప్పటికీ ఏమీ కాలేదు!

“అమ్మా!” అంటూ ఆ పసిది ఒక్కసారిగా మెడకు చుట్టుకుపోయింది.