లోపలి నుంచి వచ్చిన ఆమెన్

మా కొండ మఠంలో తలుపు తట్టడానికి ఒక పద్ధతి ఉంది. గది ఎవరిదైనా సరే, ముందు మూడుసార్లు తట్టాలి. "మా పరిశుద్ధ తండ్రుల ప్రార్థనల వల్ల, ప్రభువైన యేసూ, మమ్మల్ని కరుణించు" అనాలి. అని ఆగాలి. లోపలి మనిషి "ఆమెన్" అన్నాకే గడప దాటాలి. అనకపోతే వచ్చిన దారినే పోవాలి. బిషప్పు గారికైనా అంతే, ఎద్దుల బండి తోలే నాకైనా అంతే.

నేను సన్యాసిని కాను. సన్యాసి మా అన్న. మఠం అతనికి వర్లాం అని పేరు పెట్టింది. నాకు మాత్రం ఎప్పుడూ అన్నే. మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "వాడికి దేవుడి ధ్యాస తప్ప తిండి ధ్యాస ఉండదు. వాణ్ణి ఒంటరిగా వదలకురా కొస్తాకె" అంది. అందుకని అన్న వెనకే నేనూ కొండెక్కాను. కట్టెలు కొట్టాను, ఎద్దుల్ని చూసుకున్నాను, మంచు ఎత్తిపోశాను. పని అయ్యాక మఠం పెద్ద ఒనూఫ్రియె తండ్రి నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, పార మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించేవాడు. అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు. ఇవాళ ఇది రాస్తున్నానంటే ఆయన పుణ్యమే.

అమ్మ మాకు నేర్పిన అలవాటు ఒకటుంది. తిన్నాక గిన్నె బోర్లించాలి. వెల్లకిలా వదిలేస్తే ఆకలి వచ్చి అందులో కూర్చుంటుందనేది. అన్న మఠంలో కూడా గిన్నె బోర్లించేవాడు. మిగతావాళ్లు నవ్వినా మానేవాడు కాదు.

అప్పట్లో మఠంలో అయిదుగురు సన్యాసులు. అందరి మణికట్టుకూ నల్ల ఉన్నితో అల్లిన ముడుల తాడు ఉండేది. ఒక్కో ముడి మీద వేలు పెట్టి ఒక్కోసారి యేసు నామం చెప్పుకోవాలి. రోజుకు ఎన్ని అన్నది పెద్దాయన నిర్ణయిస్తాడు. అన్నకు మూడు వందలు. అంతకంటే ఒక్కటి ఎక్కువ చెప్పాలన్నా ఆయన్ని అడగాలి. కంటికి ఏం కనబడినా, చెవికి ఏం వినబడినా ఆ రోజే ఆయనతో చెప్పాలి.

"వెలుగు కనబడితే కళ్లు మూసుకోండి" అనేవాడు ఒనూఫ్రియె తండ్రి. "అది దేవుడి వెలుగే అయితే, కళ్లు మూసుకున్నందుకు ఆయన అలగడు. అలిగిందంటే అది దేవుడిది కాదు."

రోజూ చివరి ప్రార్థన అయ్యాక ఒకరి ముందు ఒకరు వంగి "నన్ను క్షమించు" అనుకోవాలి. అవతలివాడు "దేవుడు క్షమిస్తాడు" అని, తనూ వంగి అదే మాట అడగాలి. వరసలో చివర నేనూ నిలబడేవాణ్ణి.

ఆ ఏడు చలికాలం మొదట్లో అన్న మారాడు. భోజనానికి రావడం మానేశాడు. గడ్డం గుండెకు ఆనించి, ఊపిరి బిగబట్టి గంటల తరబడి కూర్చునేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు మాత్రం మెరిసేవి.

వంట చూసే నెక్తారియె నన్ను ఆపాడు. "ఏరా కొస్తాకె, మీ అన్న గాలి భోంచేస్తున్నాడా ఏం? అతని వాటా సంకటంతా తిని నా కుక్క మెట్లెక్కలేకపోతోంది. మనలో ముందు ఎవరు పరలోకానికి ఎగిరిపోతారో గానీ, ఈ కుక్క మాత్రం నేల వదలదు."

నవ్వాను గానీ మనసు పీకుతూనే ఉంది. మొక్కజొన్న సంకటి, ఉల్లిపాయ పట్టుకుని అన్న గదికి వెళ్లాను.

"ఎన్ని చెబుతున్నావన్నా?"

"పన్నెండు వేలు."

"పెద్దాయన మూడు వందలేగా చెప్పమంది!"

"ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఆ లెక్క ఆయన మోకాళ్లది." నవ్వి, గొంతు తగ్గించాడు. "నాకు తోడు ఒకాయన వస్తున్నాడు తమ్ముడూ. సగం నేను చెబితే సగం ఆయన చెబుతాడు. ఆయనొస్తే గదంతా తేనె వాసన. నిప్పు లేకుండానే వెచ్చన."

"తలుపు తట్టి, ప్రార్థన చెప్పే వస్తున్నాడా?"

అన్న నన్ను జాలిగా చూశాడు. "దేవదూతకు మన తండ్రుల సిఫారసు ఎందుకురా, ఎడ్లోడా?"

"పెద్దాయనకు చెప్పన్నా."

"చెప్పొద్దన్నాడు. నువ్వూ చెప్పకు. అమ్మ మీద ఒట్టు."

నిజమే రాస్తాను. నేను నోరు మూసుకున్నది ఒట్టు కోసం కాదు. దేవదూత వచ్చింది మా అన్న దగ్గరికి. పెద్ద చదువులు చదివినవాళ్ల దగ్గరికి కాదు, ఎడ్లోడి అన్న దగ్గరికి. ఆ గర్వం నాకు కడుపు నింపింది.

ఆ వారం నుంచి అన్న క్షమాపణల వరసలోకి కూడా రాలేదు. "ఏం తప్పు చేశానని అడగాలి?" అన్నాడట. ఒనూఫ్రియె తండ్రి నన్ను పశువుల కొట్టంలోకి తీసుకెళ్లి అడిగాడు.

"మీ అన్న దగ్గరికి ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రావడం లేదు తండ్రీ."

ఆయన ఎద్దు మెడ నిమురుతూ అన్నాడు. "వచ్చేదానికి మన మాటలన్నీ వచ్చు నాయనా. కీర్తనలు వచ్చు. ఆమెన్ కూడా వచ్చు. 'నన్ను క్షమించు' అన్న మాటొక్కటే దాని నోట రాదు. గుర్తుపెట్టుకో."

జనవరిలో కింద ఊళ్లో ఒక ముసలామె పోయింది. పెద్దాయన మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని ఆమెను సమాధి చెయ్యడానికి దిగిపోయాడు. మధ్యాహ్నానికి మంచు పట్టుకుంది. దారి మూసుకుపోయింది. కొండ మీద అన్నా నేనూ, రెండెద్దులు, కుక్క మిగిలాం.

నాలుగింటికే వెలుగు పోయింది. గాలి కూడా ఆగింది. చెవుల్లో దూది కుక్కినట్టు అంతా నిశ్శబ్దం. చిక్కుడు గింజల పులుసు గిన్నెకు తువ్వాలు చుట్టుకుని అన్న గదికి బయలుదేరాను. కుక్క సగం దారిలో ఆగిపోయింది. పిలిచినా రాలేదు.

తలుపు సందులోంచి తేనె వాసన వస్తోంది. దాని అడుగున ఇంకో వాసన... గోడ వెనక ఎలుక చచ్చినప్పుడు వచ్చేలాంటిది.

మూడుసార్లు తట్టాను. ప్రార్థన చెప్పాను.

"ఆమెన్."

అన్న గొంతే. తలుపు తోశాను.

లోపల ఎవరూ లేరు.

దీపం వెలుగుతోంది. పొయ్యిలో నిప్పు లేదు, కానీ గది వెచ్చగా ఉంది. గడ్డి పరుపు మీద మనిషి కూర్చున్నంత గుంట... నేను చూస్తుండగానే అది మెల్లగా పైకి లేచింది.

గిన్నె బల్ల మీద పడేసినట్టే పెట్టి బయటికి పరుగెత్తాను. గది వెనక నుంచి గ్రద్దబండ వైపు అడుగులు. ఒక్క మనిషివే. చెప్పుల్లేని పాదాలు.

గ్రద్దబండ దాటితే కొండ లేదు. నిలువు లోయ.

అన్న బండ అంచున నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. చేతులు రెండూ చాపి ఉన్నాడు.

"అన్నా! వెనక్కి రా!"

తిరిగి చూశాడు. సన్యాసం తీసుకున్న రోజున కూడా అతని ముఖం అంతగా వెలగలేదు.

"ఆయన గదిలో ఉన్నాడు. నీకు జవాబిచ్చాడా?" అని అడిగాడు.

"నీ కాళ్లు పట్టుకుంటానన్నా..."

"ఇచ్చాడు కదూ? ఇక్కడ నా చోటు ఆయన చూసుకుంటాడట. నన్ను పైకి రమ్మన్నారు."

మోకాళ్ల లోతు మంచు. పది అడుగులు... ఏడు... అయిదు... అప్పుడు అన్న ముఖం మారింది. నా వెనక ఏం చూశాడో. దీపం మీద మూత పెట్టినట్టు వెలుగంతా ఆరిపోయింది. నావైపు చెయ్యి చాపాడు.

"తమ్ముడూ... నన్ను..."

కాలి కింద మంచు విరిగింది.

కేక లేదు. పడిన చప్పుడు లేదు.

బోర్లా పడుకుని లోయలోకి అరిచాను. నా గొంతు కూడా తిరిగి రాలేదు. మోకు ఉన్నది కొట్టంలో. కొట్టానికి దారి అన్న గది ముందు నుంచే. అటు పరుగెత్తాను. దగ్గరికి వచ్చేసరికి ఆ గదిలోంచి చప్పుడు... గిన్నెకు చెంచా తగులుతున్న చప్పుడు.

తలుపు ముందు ఆగాను. ఎందుకో తెలీదు, అలవాటు మీద తట్టాను. ప్రార్థన చెప్పాను.

"ఆమెన్."

అన్న బల్ల దగ్గర కూర్చుని పులుసు తాగుతున్నాడు. పొడి బట్టలు. పొడి పాదాలు.

"ఎక్కడ తిరుగుతున్నావురా ఎడ్లోడా? పులుసు చల్లారిపోతోంది" అన్నాడు.

వెళ్లి పట్టుకున్నాను. ఎముకలున్నాయి, ఒంట్లో వెచ్చదనం ఉంది. అతని భుజం మీద పడి ఏడ్చాను. బండ దగ్గర చూసింది మంచు చేసిన మాయ అనుకున్నాను. అలా అనుకోవాలనే అనుకున్నాను.

అన్న పులుసంతా తాగాడు. గిన్నె బల్ల మీద పెట్టాడు.

వెల్లకిలా.

మూడో రోజు పెద్దాయన కొండెక్కి వచ్చాడు. తిన్నగా అన్న గదికి వెళ్లి అతని ముందు వంగాడు. "వర్లాం, నన్ను క్షమించు."

"దేవుడు క్షమిస్తాడు తండ్రీ" అన్నాడు అన్న, తియ్యగా. ఆ తర్వాత తన వంతు రాగానే దగ్గు అందుకుంది. పెద్దాయన వెళ్లేదాకా ఆగలేదు.

బయటికి వచ్చి ఆయన నన్ను అడిగాడు. "ఆ సాయంత్రం నువ్వేం చూశావు?"

"మంచు తండ్రీ."

నిజం చెబితే నాకు అన్న ఉండడు. అందుకే రెండోసారీ అబద్ధమే చెప్పాను. ఆ వసంతంలో ఒనూఫ్రియె తండ్రి పోయాడు. మంచు కరిగాక నేను గ్రద్దబండ కిందికి వెళ్లి చూడలేదు. ఇప్పటిదాకా వెళ్లలేదు.

పదకొండేళ్లయింది. ఒకరు పోయారు, ఇద్దరు వేరే మఠాలకు మారారు. ఇక్కడ మిగిలింది మేమిద్దరమే. రోజూ జరిగే క్షమాపణల వరస ఆగిపోయింది. అన్న బాగా తింటాడు, నవ్విస్తాడు. కింద ఊళ్ల నుంచి జనం వచ్చి అతని చేత దీవెనలు పెట్టించుకుంటారు. అతని గిన్నె నేనే బోర్లిస్తాను. తెల్లారేసరికి అది వెల్లకిలా ఉంటుంది.

నిన్న ఉపవాసాలకు ముందు ఆదివారం. ఆ సాయంత్రం అందరూ అందరినీ క్షమాపణ అడిగి తీరాలి. ఏటా అన్నకు ఆ రోజే దగ్గు వస్తుంది. నిన్న నా గదిలోనే భోజనానికి కూర్చున్నాం. నేను లేచి అతని ముందు వంగాను.

"నన్ను క్షమించన్నా. నీ సంగతి ఆరోజే పెద్దాయనకు చెప్పాల్సింది. చెప్పలేదు."

"దేవుడు క్షమిస్తాడు తమ్ముడూ."

"ఇప్పుడు నువ్వు అను."

దగ్గలేదు. నవ్వుతూ చూస్తూ ఉన్నాడు. గదిలోకి మెల్లగా తేనె వాసన వచ్చింది.

అప్పుడు తలుపు మీద మూడు దెబ్బలు.

"మా పరిశుద్ధ తండ్రుల ప్రార్థనల వల్ల..." సన్నటి గొంతు. నాలుక గడ్డకట్టిన మనిషి ఒక్కో మాటా విరిచి చెబుతున్నట్టు... మొత్తం చెప్పింది. ఆగింది. ఆ తర్వాత,

"తమ్ముడూ... నన్ను... క్షమించు."

అన్న చెంచా కింద పెట్టాడు. "ఆమెన్ అనకు" అన్నాడు గుసగుసగా. "ఇది నీ గది. నువ్వంటేనే అది లోపలికొస్తుంది."

నేను అనలేదు. బయట చాలాసేపు ఎవరో నిలబడి ఉన్నారు. చివరికి కిటికీ కాస్త తెరిచి, నా పులుసు గిన్నె చూరు కింద అరుగు మీద పెట్టి మూసేశాను. నా చేత అయింది అంతే. అన్న లేవలేదు. నేను గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు.

పొద్దున లేచేసరికి అన్న ఎద్దులకు మేత వెయ్యడానికి వెళ్లాడు. కిటికీ తెరిచాను. బయట మంచు మీద ఒక్క అడుగు లేదు. అరుగు మీద గిన్నె ఖాళీగా ఉంది. శుభ్రంగా బోర్లించి ఉంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని లోపలికి తిరిగాను.

బల్ల మీద అన్న గిన్నె కూడా బోర్లించి ఉంది. పదకొండేళ్లలో మొదటిసారి. దాని అంచు కింద నుంచి తినని పులుసు బల్ల మీదికి కారుతోంది.