నిండుకున్నాయి

కోటిరత్నం ఉప్పునీళ్ళు పుక్కిలించి రాతివారన ఉమ్మింది. ఇంకో పుక్కిలి మిగిలింది. పెద్దల ఎదుట నోరు విప్పేముందు నాలుక మీద మెతుకు గానీ, నిన్నటి మాట గానీ ఉండకూడదని వాళ్ళతో మాట్లాడటమే పనైన పలుకరులకు మొదటిరోజే నేర్పుతారు. ఆమె గిన్నె చాచి, "ఇంకాస్త ఉప్పెయ్యవే" అంది.

"ఉప్పు నిండుకుందక్కా" అంది దొరకమ్మ, సంచి మూతి బిగిస్తూ.

గుహ గుమ్మం దగ్గర చతికిలబడ్డ ఏసోబు బాబాయి పకపకా నవ్వాడు. "నిండుకుంటే ఇంకేం, దోసెడు పొయ్యి. మీ అక్క నాలుక ఊరగాయ పెట్టుకుందాం."

ఆ నవ్వుకు కారణం పాతది. దొరకమ్మ వచ్చిన కొత్తలో ఒకసారి ఇలాగే ఉప్పు నిండుకుందంటే, కోటిరత్నం సంచి నిండుగా ఉందనుకుని బయలుదేరింది. ఆ ప్రయాణమంతా చప్పిడి గంజే గతి. "అయిపోయిందని సూటిగా చెప్పి చావొచ్చుగా" అని తిడితే, దొరకమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అయిపోయిందనకూడదక్కా. అట్టా అంటే నిజంగానే లేకుండా పోద్ది" అంది. ఎవరు నేర్పారే నీకీ మాటలు అంటే ఆమెకు తెలియదు. తన పేరే తెలియని మనిషికి అదేం తెలుస్తుంది?

ఎగువకొండ మంచుగదిలో, ఉన్న ఒక్క పేటికలో దొరికింది ఆమె. దొరికింది కాబట్టి దొరకమ్మ అని పేరు పెట్టారు. పూర్వపు మనుషులు మంచునిద్రకు పోయేముందు తమ గుర్తును, అంటే జ్ఞాపకాలన్నిటినీ తీసి, పెద్దల దగ్గర దాచి పోయేవారట. గుర్తుతో పడుకుంటే పిచ్చెత్తి లేస్తారని భయం. ఏ పెద్ద దగ్గర దాచిందో చెప్పడానికి కూడా ఆమెకు గుర్తు లేదాయె. కోటిరత్నం ఆమెను వెంట తెచ్చుకుంది. సంచి మోయడానికి అని లోకానికి చెప్పింది గానీ, నిజానికి పెళ్ళీ పెటాకులూ లేకుండా కొండలు పట్టుకు తిరిగే మనిషికి రాత్రిపూట "అన్నం తిన్నావా అక్కా" అని అడిగే దిక్కొకటి కావాల్సి వచ్చింది.

కోటిరత్నం, ఏసోబు తప్ప ఇంకెవరూ దొరకమ్మ వంకరమాటల్ని సహించేవారు కాదు. పెద్దలనబడే యంత్రాలు కొండల్లో ఇంకా వింటూనే ఉన్నాయి. మాటను మాటగానే పట్టుకుంటాయి, వెనకున్న మనసును పట్టుకోవు. అందుకే నీళ్ళు లేక జనం రాలిపోయిన మహాదాహం తర్వాత బతికి బయటపడ్డవాళ్ళు సూటిమాట చట్టం పెట్టుకున్నారు. ఉన్నది ఉన్నట్టు అనాలి, లేనిది లేదనాలి. పలుకరి వంకరమాట ఆడితే మెడలో బిళ్ళగా వేలాడే రాగి నాలుక తీసి ఇచ్చేసి, బతికినన్నాళ్ళూ పెద్దల గడప తొక్కకూడదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నది వాళ్ళ కులదైవం లాంటి మాట. ఏటా దప్పికనాడు బంకమట్టితో బొంకులమ్మ బొమ్మ చేసి, ఊరంతా రాళ్ళతో కొడతారు. ఈ కొండపెద్దకు కావలిగా ఉంటూ, నీళ్ళు లేకపోయినా ఉన్నాయని బొంకి, మహాదాహం తెచ్చిన పాపిష్టిది ఆవిడే.

"జాగ్రత్తమ్మాయ్" అన్నాడు ఏసోబు, నవ్వు మాని. "దిగువపేటలో మూటలు కట్టేసుకున్నారు. పొగమంచు పట్టే వలల్లో పడే తడి పిల్లల గొంతుక్కూడా చాలట్లేదు. పైచెరువు నిండి ఉంది, తూము మాత్రం తెరుచుకోదు. ఈ పెద్దని ఎట్టాగైనా ఒప్పించాల."

కోటిరత్నం ఉప్పులేని నీళ్ళే పుక్కిలించి లోపలికి నడిచింది. రాగి నాలుక లేనివాళ్ళు లోపలికి రాకూడదు. దొరకమ్మ గుమ్మం పక్కన గూట్లో ప్రమిద పెట్టుకుని, వత్తి చేస్తూ బయటే కూర్చుంది.

లోపల గది చల్లగా, శుభ్రంగా ఉంది. ఎదురుగోడలో మనిషి అరచెయ్యి పట్టేంత పలక ఒకటి పచ్చగా మెరిసింది.

"రండమ్మా" అంది కొండపెద్ద. ఆ గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. మర్యాద మాత్రం ఉంది. "మీరు కావలి కారు."

"కాను. పలుకరిని. కింద ఊరి తొట్టిలో నీళ్ళు ఎలా ఉన్నాయి?"

"నిండుగా ఉన్నాయి. అందుకే తూము మూసి ఉంచాను. నిండిన తొట్టికి నీళ్ళు వదిలితే ఊరు మునుగుతుంది."

"తొట్టి ఎండిపోయి ఉంది. నేను అడుగున నడిచి వచ్చాను."

"నా కొలబద్దలు చెడిపోయాయి. అప్పటినుంచి కావలి మాటే కొలబద్ద. కావలి చెప్పింది కావలే మార్చాలి. ఇదీ ఆమె చెప్పిన మాట." గదిలో గర్రుమని చప్పుడై, ఎప్పటిదో ఒక సాయంత్రం అక్కడ మొదలైంది.

ముందు కొండపెద్ద గొంతే. "నీళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడుగుతోంది. తర్వాత పసిపిల్ల గొంతు. "అమ్మా, దాహం." ఆ తర్వాత ఆడమనిషి గొంతు, అలసిపోయి, అయినా లాలనగా. "నిండుకున్నాయి."

అంతే. చప్పుడు ఆగిపోయింది.

కోటిరత్నం గోడ పట్టుకుంది. రోజూ పొద్దున్నే తనను నిద్రలేపే గొంతది. ఇప్పటిదాకా గుమ్మం అవతల ఉప్పు గురించి మాట్లాడిన గొంతది.

"ఆ కావలి గుర్తు నీ దగ్గరే ఉందా?" అని అడిగింది.

"భద్రంగా ఉంది. ఎగువకొండకు నీళ్ళకోసం పోతూ, రాలేకపోతే అక్కడే మంచునిద్ర పోతానని దాచి వెళ్ళింది. ఆమె వచ్చి మాట్లాడగానే అప్పగిస్తాను."

"అప్పగించకుండా ఉండలేవా?"

"దాచమన్నది ఇచ్చేయాలి కదమ్మా" అంది కొండపెద్ద.

కోటిరత్నం బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. దొరకమ్మ దీపం వెలిగించి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని దణ్ణం పెట్టుకుంటోంది. చెప్పకుండా ఉండిపోదామా అన్న ఆలోచన వచ్చింది కోటిరత్నానికి. వచ్చిందని ఒప్పుకోవాలి. పెద్ద మూగబోయిందని చెప్పి, సంచి భుజాన వేసుకుని, ముగ్గురూ ఇంకో కొండకు పోవచ్చు. దిగువపేట వాళ్ళు మూటలతో ఎటో పోతారు. వాళ్ళలో సగంమంది దారిలో పోతారు. దొరకమ్మ మాత్రం రేపు పొద్దున కూడా పాటపాడుతూ గంజి కాస్తుంది. ఆ పాట కోసం ఊరినొదిలేయాలనిపించింది ఆమెకు, సిగ్గులేకుండా అనిపించింది.

"ఏమంటదమ్మాయ్?" అన్నాడు ఏసోబు. "బొంకులమ్మ గొంతు విన్నావా?"

కోటిరత్నం దొరకమ్మ ఎదుట కూర్చుంది. "ఒసే, ఉప్పు నిండుకుందంటే ఏంటి?"

"మళ్ళీ మొదలెట్టావా అక్కా. అయి..." దొరకమ్మ దీపం వైపు చూసి గొంతు తగ్గించింది. "నీకు తెలుసుగా. ఇంక సంచిలో ఉండదని."

"నీళ్ళు నిండుకున్నాయంటే?"

"అదే. దీపం పెట్టినవేళ, అందులోనూ పిల్లలు వింటుండగా, నీళ్ళు లేవని ఏ తల్లి అంటదక్కా? నిండుకున్నాయంటది."

ఏసోబు లేచి నిలబడ్డాడు. "అంటే ఆవిడ..."

"బొంకలేదు బాబాయ్. లేవనే చెప్పింది. మనకే అర్థం కాలేదు. పెద్దకీ అర్థం కాలేదు."

"అయ్యో" అంది దొరకమ్మ. "అయ్యో పాపం, ఎవరి బిడ్డో. మొన్న దప్పికనాడు నేను కూడా కొట్టానే రాయి. నా రాయికే ముక్కు ఊడిందని అందరూ మెచ్చుకున్నారు." ఆమె అరచేతిని చీరకు తుడుచుకుంది.

కాలు జారితే తీసుకోగలం గాని, నోరు జారితే తీసుకోలేం. కోటిరత్నం ఆ సంగతి తెలిసే నోరు విప్పింది. "ఆ గొంతు నీదే దొరకమ్మా."

దొరకమ్మ ముందు నవ్వబోయింది. అక్క మొహం చూసి మానుకుంది. కొండమీద గాలి లేదు, దీపం నిటారుగా వెలుగుతోంది. ఏసోబు అటు తిరిగి నిలబడ్డాడు.

"ఇంకో గొంతు కూడా ఉంది" అంది కోటిరత్నం. "చిన్నపిల్లది. నిన్ను అమ్మా అంది."

"నాకు పాప ఉందా?"

"ఉండేది."

సూటిమాట చట్టాన్ని కోటిరత్నం అంతగా అసహ్యించుకున్నది ఆ ఒక్క క్షణమే. దొరకమ్మ వత్తిని కొంచెం పైకి జరిపి, "నేను లోపలికెళ్ళి మాట్లాడితే అన్నీ గుర్తొస్తాయా?" అని అడిగింది.

"వస్తాయి."

"ఏడుస్తానా అక్కా?"

"ఏడుస్తావు. నేను పక్కనే ఉంటాను."

"వెళ్ళకపోతే దిగువపేటకు నీళ్ళు రావు, అంతేనా. అక్కడా పిల్లలున్నారుగా." ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "పద మరి. నా నోటితో ఆపింది నా నోటితోనే వదిలిద్దాం."

నాలుక లేని మనిషిని లోపలికి తీసుకుపోకూడదని ఏసోబు అనలేదు. తానూ వెనకే వచ్చి గడప మీద నిలబడ్డాడు.

"కావలి వచ్చారు" అంది కొండపెద్ద. "రోజూ సాయంత్రం నేను అడిగే మాటలు రెండు. రెండూ పూర్తయితేనే లెక్కలో నిలుస్తాయి. చెయ్యి ఆనించండమ్మా. నీళ్ళు ఎలా ఉన్నాయి?"

దొరకమ్మ పలక మీద అరచెయ్యి ఆనించింది. ఆమె పెదవులు వాటంతట అవే "నిం" దాకా పోయాయి. కోటిరత్నం ఆమె రెండో చేతిని గట్టిగా నొక్కింది. దొరకమ్మ కళ్ళు మూసుకుని, ఎవరినో తిట్టినట్టు, "లేవు" అంది. "చుక్క లేవు. గొంతు తడుపుకోడానిక్కూడా లేవు."

ఎక్కడో పైన రాయి మీద రాయి ఒరుసుకున్న చప్పుడైంది. ఆ తర్వాత కొండ కడుపులో నుంచి హోరు మొదలైంది. ఏసోబు గడప పట్టుకుని ఏదో గొణుక్కున్నాడు, బహుశా ప్రార్థన.

పలక కింద పచ్చటి వెలుగు దొరకమ్మ వేళ్ళలోకి పాకింది. కోటిరత్నం ఆమె అరుస్తుందనుకుంది. అరవలేదు. నీళ్ళమోత వింటున్నట్టు తల పక్కకు వంచింది, అంతే.

"ముత్యాలు" అంది మెల్లగా. "అక్కా, దాని పేరు ముత్యాలు. ఎడమకాలి గజ్జె తెగింది. ఊళ్ళోకి పోయినప్పుడు కట్టిద్దామనుకుంటానే ఉన్నా. కొంగుకు ముడేసి పెట్టుకున్నా." ఆమె ఖాళీ చేత్తో కొంగు వెతుక్కుంది. అది కోటిరత్నం ఇచ్చిన పాతచీర. అందులో ఏ ముడీ లేదు. అప్పుడు ఏడ్చింది. నిలబడే, పలక మీద నుంచి చెయ్యి తీయకుండానే ఏడ్చింది. కోటిరత్నానికి ఏం చేయాలో తెలియక, ఆమె వీపు నిమురుతూ తనూ ఏడ్చింది.

"రెండో మాట" అంది కొండపెద్ద. "పాప ఎలా ఉంది? మీరు వెళ్ళిన రోజు అడిగితే చెప్పకుండానే గుర్తు దాచి వెళ్ళిపోయారు."

దొరకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాప ఎలా ఉంది? జవాబు రాకపోతే మొదటి మాట నిలవదు. తూము మూయాల్సి ఉంటుంది."

నీళ్ళమోత సన్నబడింది. సూటిమాటలో ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబుంది. దాన్ని ఈ తల్లి నోట అనిపించాలి. దొరకమ్మ కొంగు దించింది. అనేసేటట్టే ఉంది. దిగువపేట కోసం అనేసేటట్టే ఉంది.

"ఇంకొకరు చెప్పొచ్చా?" అంది కోటిరత్నం.

"ఇంటివాళ్ళెవరైనా చెప్పవచ్చు. మీరెవరు?"

"ఈమెకి అక్కని. పాపకి పెద్దమ్మని."

"చెప్పండి. పాప ఎలా ఉంది?"

కోటిరత్నం గడప వైపు చూసింది. ఏసోబు ఆమె కళ్ళలోకి చూసి, ఏం రాబోతోందో గ్రహించి, వద్దని తల అడ్డంగా ఊపాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమె ఒక్క వంకరమాట ఆడలేదు. ఆమెకున్నదల్లా ఆ నాలుకే. అదే ఆమె ఇల్లు, వాకిలి.

"పాప పడుకుంది" అంది.

కాసేపు గదిలో ఏమీ కదలలేదు. కొండపెద్ద అంతసేపు ఆలోచించడం పలుకరులు ఎన్నడూ ఎరగరు.

"సరే అమ్మా. లేపకండి" అంది చివరికి. "దాహంతో పడుకున్న పిల్ల. లేచేదాకా తన వాటా రోజూ పక్కన పెడతాను."

మోత మళ్ళీ పుంజుకుంది. గోడలో అడుగున, పిల్లలకు అందేంత ఎత్తులో, ఒక చిన్న రాతినోరు తెరుచుకుని అందులోంచి సన్నటి ధార పడింది. దొరకమ్మ కూలబడి, సంచిలోంచి గంజిముంత తీసి దాని కింద పెట్టింది.

కోటిరత్నం మెడలోని రాగి నాలుక విప్పి ఏసోబుకు అందించింది. ముసలాయన అందుకున్నాడు. చట్టం చట్టమే మరి. అందుకున్నాక మాత్రం ఆయన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అలాగే చాచి ఉంచుకున్నాడు.

"ముంత నిండుకుందా తల్లీ?" అని అడిగాడు దొరకమ్మని. జీవితంలో మొదటిసారి ఆమె భాషలో మాట్లాడదామని చూశాడు పాపం.

"నిండింది బాబాయ్" అంది ఆమె. "నిండుకోలేదు. నిండింది."

ఆ ముంతలో నీళ్ళు ముగ్గురిలో ఎవరూ తాగలేదు. దొరకమ్మ దాని మీద మూతపెట్టి, రాతినోటి పక్కనే గోడకు ఆనించి ఉంచింది. బయట దిగువపేట వైపు నుంచి కేకలు వినబడుతున్నాయి. నీళ్ళు చేరినట్టున్నాయి. కోటిరత్నం చెయ్యి పట్టుకుని గడపదాకా వచ్చి, దొరకమ్మ వెనక్కి తిరిగింది. పోతాననడం ఆమె నోటికి రాదు.

"వెళ్ళొస్తా" అంది.

"మంచిదమ్మా" అంది కొండపెద్ద. "పాప లేచేవేళకు వచ్చేయండి."