చిక్కుడు తీగ, తెల్ల పెట్టె

ట్యాబ్ స్క్రీన్ మీద క్లాస్‌మేట్ గువ్వ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఒక కన్ను మూసుకుని ఉంది, ఒక కన్ను తెరుచుకుని ఉంది.

"మళ్లీ నెట్ పోయింది టీచర్!" అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

సైన్స్ టీచర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. శనివారం కూడా ఇదే టైముకు పోయింది. శుక్రవారమూ అంతే.

గువ్వ కాలు విరిగి నెలన్నరగా మంచం మీదే ఉంది. అందుకని బెంచీ మీద ఆమె చోట నాలుగు పుస్తకాలు పేర్చి, వాటికి ఆనించి ఒక ట్యాబ్ నిలబెట్టారు. గువ్వ ఇంట్లో నుంచే పాఠం వింటుంది, ప్రశ్నలకు చెయ్యెత్తుతుంది, జోకులకు అందరికంటే ముందు నవ్వుతుంది. పక్కన కూర్చునేది మాత్రం ఎప్పటిలాగే పుట్ట.

పుట్ట అసలు పేరు కాదు. "నువ్వు ఒట్టి అనుమానాల పుట్టవే" అని అన్నయ్య రోజూ ఆటపట్టిస్తుంటే, ఆ మాట స్కూలు దాకా వచ్చి చివరికి పుట్టగా మిగిలింది. పేరుకు తగ్గట్టే ఆ పిల్ల సంచిలో ఒక నీలం నోటుబుక్కు ఉంటుంది. ఎవరి మీద ఏ అనుమానం వచ్చినా అందులోకి ఎక్కాల్సిందే.

"పెద్ద సారు శుక్రవారం దాకా చూస్తామన్నారు" అంది టీచర్. "అప్పటికీ నెట్ నిలవకపోతే వీడియో క్లాసు ఆపేస్తారట. సగం సగం పాఠాలకు హాజరు వెయ్యలేం అంటున్నారు."

"మరి గువ్వ?" అంది పుట్ట.

"వచ్చే ఏడు మళ్లీ ఇదే క్లాసులో కూర్చోవాలి."

ఒకటో క్లాసు నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. గువ్వ లేకుండా పై క్లాసుకు వెళ్లడం అనే మాటే పుట్టకు మింగుడుపడలేదు.

ఆ స్కూల్లో నెట్ కేబుల్ పెద్ద బిల్డింగు దాకానే వచ్చి ఆగింది. వీళ్ల క్లాసేమో గ్రౌండుకు అవతల, చిన్న బిల్డింగులో. గ్రౌండంతా తవ్వి వైరు వెయ్యడం కుదరదు. అందుకే నెట్ పనులు చేసే మెకానిక్ వచ్చి రెండు మేడల మీదా ఇనుప గొట్టానికి ఒక్కో తెల్ల పెట్టె బిగించాడు. పిల్లలు అతన్ని నెట్ అన్న అంటారు. అక్కడి పెట్టె నుంచి ఇక్కడి పెట్టెకు నెట్ గాల్లోనే వస్తుంది. ఇక్కడి నుంచి వైరు కిందికి దిగి, పుట్ట బెంచీ పక్కన గోడకున్న యాక్సెస్ పాయింట్‌లోకి వెళ్తుంది. ట్యాబ్‌కు వైఫై ఇచ్చేది అదే.

బిగించిన రోజు నెట్ అన్న పిల్లలందరినీ మేడ మీదికి పిలిచి ఇదంతా విడమరిచి చెప్పాడు. పుట్ట ఒక్క ముక్క కూడా వినలేదు. వెనక నిలబడి నీలం నోటుబుక్కులో రాసుకుంటోంది. "ఇతని సంచిలో ఐదు స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. ఒక మనిషికి ఐదు ఎందుకు?"

ఇప్పుడు అదే నోటుబుక్కు మళ్లీ తెరిచింది. "మన నెట్ ఎవరు కాజేస్తున్నారు?" అని పైన రాసింది. కింద మూడు పేర్లు పెట్టింది. ఎప్పుడూ ఫోన్ చూసే వాచ్‌మన్. వీడియోల పిచ్చి ఉన్న ఏడో క్లాసు వాళ్లు. మేడ తాళంచెవి దగ్గర పెట్టుకునే ఆయమ్మ.

ఆ తాళంచెవి సంగతి పుట్టకు బాగా తెలుసు. సైన్స్ ప్రాజెక్టుకు అందరూ చిక్కుడు గింజలు నాటారు. నీడలో పుట్ట మొక్క ఎదగలేదు. అందుకని టీచర్‌ను అడిగి కుండీని మేడ మీదికి చేర్చింది. రోజూ అన్నం తిన్నాక ఆయమ్మ తాళంచెవి ఇస్తే, వెళ్లి నీళ్లు పోసి వస్తుంది. తీగ ఇప్పుడు తన కంటే పొడుగు. దాన్ని చూస్తే పుట్టకు ఎంత గర్వమో!

మర్నాడు మంగళవారం. వాచ్‌మన్ ఫోన్లో పాత పాటలు తప్ప ఏమీ లేవు, అదీ నెట్ లేకుండానే వింటున్నాడు. ఏడో క్లాసు వాళ్లు పరీక్ష రాస్తున్నారు. రెండు పేర్లూ కొట్టేసింది.

రెండుంబావుకు ఆయమ్మ మెట్లెక్కుతూ కనిపించింది. చేతిలో ఏదో ఉంది, దాని మీద తుడిచే గుడ్డ కప్పి ఉంది. పుట్ట మంచినీళ్ల వంక పెట్టి క్లాసు బయటికి వచ్చి వెనకాలే వెళ్లింది.

"ఆయమ్మా, ఏంటది?"

ఆయమ్మ ఉలిక్కిపడింది. చేతిలోది వెనక్కి దాచింది. "ఏం లేదులే తల్లీ. నువ్విక్కడ ఏం చేస్తున్నావు? పో, క్లాసుకు పో."

పుట్ట కిందికి వచ్చేసరికి గువ్వ మళ్లీ బొమ్మలా ఆగిపోయి ఉంది.

ఇంకేం కావాలి? క్లాసు అవగానే పుట్ట నేరుగా పెద్ద సారు గదికి వెళ్లింది.

"సార్, ఆయమ్మ మేడెక్కినప్పుడల్లా నెట్ పోతోంది. చేతిలో ఏదో దాచుకుని వెళ్తోంది. నేను కళ్లారా చూశాను."

పెద్ద సారు ఆయమ్మను పిలిపించారు. "రోజూ ఆ టైముకు పైన ఏం పనమ్మా?"

ఆయమ్మ పుట్ట వైపు ఒకసారి చూసింది. తలదించుకుంది.

"తాళంచెవి ఇక్కడ పెట్టండి. తేలేదాకా ఎవరూ పైకి వెళ్లొద్దు" అన్నారు పెద్ద సారు.

పదేళ్లుగా తన దగ్గరున్న తాళంచెవిని ఆయమ్మ గుత్తి నుంచి తీసింది. పాత రింగు బిగుసుకుపోయి అది తొందరగా రాలేదు. అది చూడబుద్ధి కాక పుట్ట కిటికీలోంచి బయటికి చూసింది. అయినా దొంగ దొరికిందిగా అనుకుంది.

బుధవారం మేడకు తాళం. ఆయమ్మ కిందే వరండా తుడుస్తోంది. సరిగ్గా రెండున్నరకు గువ్వ ఆగిపోయింది.

"దొంగ తాళంచెవి ఉందేమో" అని పుట్ట నోటుబుక్కులో రాసింది. రాశాక తనకే అది అతికినట్టు అనిపించలేదు.

గురువారం మధ్యాహ్నం నెట్ అన్న వచ్చాడు. పెద్ద సారు, టీచర్ పైకి వెళ్లారు. ఆయమ్మను కూడా రమ్మన్నారు. పుట్ట ఎవరూ పిలవకుండానే వెనకాలే నడిచింది.

నెట్ అన్న తలుపు తీసి, రెండడుగులు వేసి ఆగిపోయాడు. "అయ్య బాబోయ్! పెట్టె ఎక్కడ?"

పిట్టగోడ మీద పెట్టె ఉన్న చోట ఒక పచ్చటి పొద ఉంది. చిక్కుడు తీగ ఇనుప గొట్టం పొడుగునా పాకి, పెట్టెను నాలుగు వైపులా చుట్టేసింది. గ్రౌండు వైపు నుంచి గాలి కొట్టినప్పుడల్లా ఆకులన్నీ పెట్టె ముందుకు వచ్చి పడుతున్నాయి.

"ఆ రోజే చెప్పాను కదా పిల్లలకు" అన్నాడు నెట్ అన్న. "ఈ పెట్టె ఆ పెట్టెను చూస్తూ ఉండాలి, మధ్యలో ఏదీ అడ్డం రాకూడదని. ఆకు నిండా నీళ్లే ఉంటాయి, సిగ్నల్ దాటలేదు. మధ్యాహ్నం గాలి మొదలవుతుంది, మీ నెట్ పోతుంది. ఇంతకీ ఈ తీగను గొట్టానికి కట్టిన మహానుభావులెవరు?"

గొట్టానికి ఒక ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. అలాంటి రిబ్బన్లు స్కూల్లో వంద జడలకు ఉంటాయి.

కుండీ పక్కన ఒక నీళ్ల సీసా, దాని మీద తుడిచే గుడ్డ ఉన్నాయి. పెద్ద సారు వాటిని చూశారు. "రోజూ తెచ్చేది ఇదేనా అమ్మా?"

"అవును సార్. ఎండకు ఆకులు వాడిపోతుంటే మనసొప్పలేదు. తాగే నీళ్లు మొక్కలకు పొయ్యొద్దన్నారు మీరు. అందుకే దాచి తెచ్చాను." ఆయమ్మ రిబ్బన్ వైపు చూసింది, పుట్ట వైపు చూసింది. "తప్పు నాదే సార్. నీళ్లు పోసి ఇంత పెంచింది నేనే."

పుట్టకు అప్పుడు అర్థమైంది. తన మొక్కకు నీళ్లు పోసినందుకు ఆయమ్మను దొంగను చేసింది తను. ఇప్పుడు నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఆయమ్మ కూడా చెప్పదు.

"కాదు సార్!" అంది గట్టిగా. "మొక్క నాది. రిబ్బన్ నాది. గాలికి విరిగిపోతుందని గొట్టానికి నేనే కట్టాను. అన్న చెప్పేటప్పుడు నేను వినలేదు. ఆయమ్మకు ఏమీ తెలియదు సార్." ఏడుపు వచ్చేసింది.

పెద్ద సారు జేబులోంచి తాళంచెవి తీసి పుట్ట చేతిలో పెట్టారు. "నువ్వే ఇచ్చెయ్."

పుట్ట రెండు చేతులతో ఇచ్చింది. "ఆయమ్మా, నన్ను తిట్టు."

"తిడతాలే తీరిగ్గా. ముందు తీగ విప్పు, లేతది, తెగిపోతుంది" అంది ఆయమ్మ. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కో మెలికా విప్పారు. తీగను అవతలి గోడ పక్కన కర్రకు పాకించారు. కట్టడానికి మళ్లీ అదే రిబ్బన్.

శుక్రవారం రెండున్నర అయింది, మూడైంది. గువ్వ ఆగలేదు, పైగా పాఠం మధ్యలో మూడుసార్లు మాట్లాడినందుకు టీచర్ చేత చివాట్లు తింది. వీడియో క్లాసు ఆపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి వారం ఒక రోజు గువ్వ లెక్క చెబుతూ చెబుతూ "పదహారు ఇంటూ..." దగ్గర నోరు తెరుచుకుని ఆగిపోయింది.

"మేడ మీద ఎవరున్నారో!" అన్నారు వెనక బెంచీ వాళ్లు. "ఏడో క్లాసు వాళ్ల పనే అయ్యుంటుంది!"

కొందరు పుట్ట నీలం నోటుబుక్కు తీస్తుందని అటు చూశారు. పుట్ట సంచి జోలికి పోలేదు. వంగి, ముందు తన బెంచీ కిందే చూసింది. గోడ దగ్గర యాక్సెస్ పాయింట్ ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది. దానికి ఒక సంచి పట్టీ తగులుకుని ఉంది.

"నా సంచే టీచర్" అని చెప్పి, పట్టీ తీసి, ప్లగ్గు గట్టిగా నొక్కింది.

కాసేపటికి గువ్వ నోరు కదిలింది. "...నాలుగు, అరవై నాలుగు! ఏంటి, అందరూ అలా చూస్తున్నారేంటి?"