తెగిన దారానికి వేసిన ముడి

సోమవారం ఉదయం 10:15. ఆదోనిలో ఓ క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబ్.

డబ్బాలో ఉండాల్సిన మైనపు బిళ్లలు నలభై ఒకటి. ఉన్నవి నలభై.

పోయింది పదిహేడో నంబరు. ఎమ్మిగనూరు నేతగాడు గోవిందు దవడలోంచి తీసిన కణితి ముక్క అందులో ఉంది. కొత్త మందు పద్నాలుగు నెలలు ఒక్క గోవిందుకే పనిచేసింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది. పది రోజుల కిందట మనిషి పోయాడు. మందు ఎందుకు పనిచేసింది, ఎందుకు మానేసింది? జవాబు ఆ బిళ్లలోనే దొరకాలి.

డాక్టర్ సంధ్య బిళ్లల్ని మళ్లీ లెక్కపెట్టింది. వైద్యం చేస్తూనే పరిశోధన నేర్చుకునే శిక్షణలో ఆమెకిది రెండో ఏడు. ఒంటిగంటకు శాంపిల్స్ బండి హైదరాబాద్ వెళ్తుంది. అందులో పదిహేడో నంబరు లేకపోతే సీటు పోతుంది. గైడ్ ఆ మాట మొహం మీదే చెప్పేశాడు.

ఎస్సై హులిగమ్మ నేరుగా విషయంలోకి వచ్చింది.

"గది ఎప్పుడు వదిలినావు?"

"9:40కి మేడం. టీకి. పది నిమిషాలే," అన్నాడు టెక్నీషియన్ సామ్సన్. తాళం వేయలేదని కూడా ఒప్పుకున్నాడు. అందరూ అతన్నే దొంగలా చూస్తున్నారు. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

హులిగమ్మ డబ్బాకు చుట్టిన నూలు దారాన్ని వేళ్ల మధ్య జరిపింది. ఒక చిన్న ముడి దగ్గర ఆగింది.

"దారం ఎట్ల విప్పుతావు?"

"కత్తెరతో కోసి కొత్తది కడతాను మేడం."

పొద్దున గోవిందు తాలూకు ఎవరైనా వచ్చారా అని అడిగింది. డెత్ సర్టిఫికెట్ కోసం భార్య భీమక్క వచ్చిందని అటెండర్ జయన్న చెప్పాడు. హులిగమ్మ సంధ్యను జీపెక్కమంది.

11:40. ఎమ్మిగనూరు. పదకొండో దినం. భీమక్క కూతురు భాగ్యతో సమాధి దగ్గరికి బయలుదేరుతోంది. చెంగుకు ఏదో కట్టి ఉంది.

"మా పుట్టింట్లో మగ్గముండె భీమక్కా," అంది హులిగమ్మ. "పడుగు పోగు తెగితే ఏసే ముడి నాకు తెలుసు. దారం తెంపి బిళ్ల తీసుకున్యావు. తెగినదాన్ని అట్లే వదిలి రానీకి నీ సెయ్యి ఒప్పలేదు."

భీమక్క బుకాయించలేదు. "మా ఆయప్ప ఆస్పత్రి చీటీ మీద నంబరే దీనిమీదా ఉండాది. మనిషిని సగమే పూడ్సినాం. మిగిలిన ముక్క ఆడుంటే యట్ల పోతాడు?"

ముక్కను పరిశోధనకు ఇస్తానని ఆయన కాగితం మీద వేలిముద్ర వేశాడని సంధ్య గుర్తుచేసింది.

"ఎయ్యమంటే ఏసినాడు. ఏంటికో సెప్పినావా డాక్టరమ్మా?"

సంధ్యకు ఆ రోజు కళ్లముందు మెదిలింది. ఓపీలో తొంభై మంది. కాగితం చాపింది, అంతే. ముక్కను ఎలా దాచాలో రెండేళ్లుగా నేర్చుకుంటోంది. ఈ ఒక్క మాట చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

భీమక్క భాగ్యను ముందుకు లాగింది. "దీనికీ నోట్లో తెల్లమచ్చ లేసింది. ఈ ముక్క ఇస్తే నా బిడ్డ బతుకుతాదా?"

12:10. ఇప్పుడు బయలుదేరితే బండి అందుతుంది. అవునంటే చాలు, బిళ్ల చేతికొస్తుంది.

"తెలీదమ్మా," అంది సంధ్య.

ఫోన్ లైటు వేసి భాగ్య నోట్లోకి చూసింది. వేలితో తడిమింది. మచ్చ గట్టిపడింది. మెడ కింద గడ్డ తగిలింది. మళ్లీ మెల్లగా తడిమింది. ఎప్పటినుంచి ఉందని, మింగితే నొప్పి ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. రేపే తీసుకురమ్మంది. హులిగమ్మ గడియారం చూపించింది. 12:40. బండి ఇక అందదు.

భీమక్క చెంగు ముడి విప్పి బిళ్లను తన అరచేతిలోనే పెట్టుకుంది.

"ఇప్పుడు సెప్పు డాక్టరమ్మా. ఇది నీకేంటికి కావల్ల?"

సంధ్య గడప మీద కూర్చుంది.