ఆరింటికి క్రెష్ మూసేస్తారు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, మా పాపను అత్తయ్యావాళ్ళు తీసుకెళ్ళిపోతారేమోనని. మా ఆయన పోయి రెండేళ్ళయింది. పాపకు మూడో ఏడు. "ఒక్కదానివి, చదువు కూడా లేదు, ఎలా పెంచుతావ్? మా దగ్గర వదిలెయ్" అని బావగారు నెలకోసారైనా ఫోన్ చేస్తారు. అత్తయ్య ఏమీ అనదు. ఏమీ అనకపోవడమే ఇంకా భయం.

అందుకే ఎవరైనా నా గురించి రెండు ప్రశ్నలు అడిగితే ఊరుకుంటాను గానీ, మూడోదానికి అనుమానం వచ్చేస్తుంది.

చరిత్ర ఉత్సవంలో నాలుగు రోజుల పని దొరికింది. చరిత్రకారులు వేదిక మీద కూర్చుంటారు, ఒకరు వాళ్ళను ఇంటర్వ్యూ చేస్తారు. నేను ముందు వరసలో కూర్చుని, ఎంత టైముందో రాసిన అట్టలు వాళ్ళకు చూపించాలి. పది నిమిషాలు, ఐదు నిమిషాలు, అయిపోయింది. పదో తరగతి మధ్యలో బడి మానేసిన నేను అంతంత పెద్దవాళ్ళకు "ఇక చాలు" అని చూపించడానికి సిగ్గుపడేదాన్ని. వాళ్ళేమో పట్టించుకునేవాళ్ళు కాదు. వందల ఏళ్ళ లెక్కలో బతికేవాళ్ళకు నా ఐదు నిమిషాలు ఏం ఆనతాయి?

మొదటి రోజు ఆఖరి ఇంటర్వ్యూ ఐదున్నరకు ముగియాలి. ఇంటర్వ్యూ చేసే అబ్బాయికి ముప్పై ఉంటాయేమో, చేతులు మడిచిన నీలం చొక్కా. నా అట్ట చూసి నవ్వి, ఇంకో ప్రశ్న వేశాడు. తర్వాత ఇంకోటి. ఐదూ నలభై రెండుకి నేను లేచి, వేదికెక్కి, "అయిపోయింది" అట్ట అతని ఒళ్ళో పెట్టి దిగిపోయాను. హాలంతా నవ్వు.

గేటు దగ్గర అందుకున్నాడు. "టైమ్ మేడమ్, ఆ పెద్దాయన అప్పుడే అసలు విషయానికొచ్చారు తెలుసా?"

"ఆయన అసలు విషయం మూడొందలేళ్ళు ఆగింది. ఇంకో రోజు ఆగుతుంది. మా పాప ఆగదు."

"పాపా? ఎక్కడుంటుంది?"

"క్రెష్‌లో."

"ఎన్నింటిదాకా?"

"ఆరు."

"ఎంత దూరం?"

మూడో ప్రశ్న. జవాబివ్వకుండా పరుగందుకున్నాను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే, చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంటున్నాడు.

రెండో రోజు అతని ఇంటర్వ్యూ ఐదున్నరకు ఠక్కున ముగిసింది. సంతోషపడాల్సింది పోయి అనుమానపడ్డాను. బయట, నేను మెట్టు దిగేదాకా కాచుకుని ఉన్నట్టు వాన మొదలైంది. చున్నీ నెత్తిన వేసుకుని నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు. చంకలో గొడుగు పెట్టుకుని, తడుస్తూ వస్తున్నాడు.

"గొడుగుండి తడుస్తారేం?"

"మీకిద్దామని తెచ్చా."

"నాకొద్దు."

"మీరు తడుస్తుంటే నేనొక్కణ్ణే వేసుకుంటే బాగోదు కదండీ."

"మిమ్మల్ని ఎవరు పంపారు?"

"గొడుగు కొనిచ్చింది మా అక్కయ్య. ఆవిడే పంపిందనుకోండి."

వచ్చిన నవ్వును మింగేశాను. క్రెష్ దగ్గర మా పాప గొడుగు లాక్కుని "ఇది నాది" అంది. "నీదే" అనేశాడు. బావగారు పెట్టిన మనిషైతే క్రెష్ దారి నేనే చూపించినట్టయిందని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

మూడో రోజు వచ్చినావిడ తల ముగ్గుబుట్టలా ఉంది. "ఏ పాత కాగితం దొరికినా నాలుగు ప్రశ్నలేస్తాను" అంది. "ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం, ఎందుకు. ఒక్క సాక్షి మాట మాత్రం ఎప్పుడూ నమ్మను." నాకు బళ్ళో ఎవరూ ఇలా చెప్పలేదు. అట్ట ఎత్తడం మర్చిపోయి వింటుంటే, అతనే నా వంక చూసి చేతి గడియారం మీద తట్టాడు. పాపకు జలుబని పొద్దున నేనెవరితోనో అంటుంటే విన్నట్టున్నాడు.

నాలుగో రోజు వెనక వరసలో అత్తయ్య కనబడింది.

విరామంలో అతను నేరుగా ఆవిడ పక్కకెళ్ళి కూర్చున్నాడు. ఇద్దరూ నా వైపే చూస్తూ మాట్లాడుకుంటున్నారు. నోట్‌బుక్ వేదిక మీద కుర్చీలో వదిలేశాడు. ఇంకొకరిది తెరవకూడదని తెలుసు. తెరిచాను.

'పాప. ఆరింటికి క్రెష్ మూస్తారు. నడక పదిహేను నిమిషాలు. మొదటి రోజు పరుగు. రెండో రోజు నడక. మూడో రోజు నడక, పాపకు జలుబు.'

అతన్ని అతిథుల గదిలోకి పిలిచి పుస్తకం ముందు పెట్టాను.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"మొదటి రోజు నుంచీ."

"ఎవరి కోసం? మా బావగారి కోసమా?"

"మీ బావగారెవరో నాకు తెలీదండీ. నాకోసమే. మాటల్లో పడితే నాకు టైము తెలీదు. ఇది ఒళ్ళో ఉంటే ఐదున్నరకు ఆపుతాను."

"ఎందుకు?"

అంతమంది పండితుల చేత మాట్లాడించిన మనిషి, గోడ మీది స్విచ్ బోర్డు వంక చూశాడు.

"మీరు పరిగెత్తకుండా నిమ్మళంగా నడిచి వెళ్తుంటే చూడాలనిపించింది. ఉత్సవం అయిపోయాక కూడా చూడాలనుంది."

నా చెవులు వేడెక్కాయి. అయినా నేను తగ్గలేదు. "ఒక్క సాక్షి మాట నమ్మకూడదట."

"రెండో సాక్షిని నేనున్నాలే" అంది అత్తయ్య. తలుపు పట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ నిలబడి ఉంది.

"పాపను తీసుకెళ్దామనే వచ్చానమ్మాయ్, దాచడం దేనికి. నిన్న క్రెష్ ఎదురు బెంచీ మీద కూర్చున్నా, నువ్వు చూళ్ళేదు. ఆ పిల్ల నిన్ను చూడగానే ఎగురుకుంటూ వచ్చింది. దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కుంటే నేనూ ఒక మనిషినేనా? మీ బావగారికి నేను చెప్పుకుంటా. పొద్దున్నే నా దగ్గర దింపు, పనయ్యాక తీసుకుపో."

నేను కుర్చీ లాగి ఆవిడ ముందు పెట్టాను. కూర్చుని మళ్ళీ అందుకుంది.

"ఇతన్ని నేనే పిలిచి, ముందు వరసలో ఆ అమ్మాయి ఎలాంటిదని అడిగా. నేనెవరో తెలీదుగా పాపం. మొదలుపెట్టి ఎంతకీ ఆపడే."

అతను ఎర్రబడిపోయాడు. "మీరు అత్తగారని చెప్పాల్సింది కదండీ."

"చెప్తే నిజం చెప్పేవాడివా?"

"మీకిష్టమేనా అత్తయ్యా?" అన్నాను.

"నన్నడుగుతావేం? జవాబు చెప్పాల్సింది నువ్వు."

అతని వైపు తిరిగాను. "రేపు నాకు పని లేదు. ఇంటికి రండి. ఈసారి ప్రశ్నలు నేనడుగుతాను."

అడుగుతూనే ఉన్నాను. ఏడాది కావస్తోంది, పెళ్ళయి నాలుగు నెలలు. ఇంతవరకూ ఒక్క అబద్ధం దొరకలేదు. ఆయన వెతకనిస్తున్నాడు.

ఈ వారం మేమిద్దరం వేరే ఊళ్ళో ఉత్సవం పనిలో ఉన్నాం. పాప అత్తయ్య దగ్గరుంది. ఫోన్‌లో "నాకేం, బాగానే ఉన్నా" అంటోంది ఆవిడ. ఆ గొంతు నేను నమ్మను. పాపను చంకనేసుకుని రెండంతస్తులు ఎక్కుతోందని నా అనుమానం. ఆవిడ ఉండేది మా ఊళ్ళో బేకరీ వెనక సందు, మూడో ఇల్లు, పైన ఆకుపచ్చ తలుపు. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఒక్కసారి తట్టి ఆ మోకాలెలా ఉందో చూడండి. అడిగితే చెప్పదు, మంచినీళ్ళు అడిగి ఎలా నడుస్తుందో గమనించాలి. నేను పంపానని మాత్రం అనకండి.